కాగితం తాగిన తడి

లూర్దమ్మ డబ్బాను చెవితో చూస్తుంది. టేపు అతికించాక రెండు చేతులతో ఎత్తి, కుడి చెవికి ఆనించి, ఒక్కసారి అటూ ఇటూ కదుపుతుంది. లోపల చప్పుడు లేకపోతే అది మూగది. మూగదాన్ని లారీ ఎక్కిస్తారు. చప్పుడు వస్తే అది మాట్లాడుతోందని అర్థం. మాట్లాడే డబ్బాను విప్పి మళ్ళీ కడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

నాచారం పారిశ్రామికవాడలో, వీధి చివర, రేకుల షెడ్డు. అందులో ప్రయోగశాలలకు కావలసిన గాజు సామాను ఊదుతారు. ఊదేవాళ్ళు ముందు గదిలో మంటల దగ్గర కూర్చుంటారు. లూర్దమ్మది వెనక గది. ఒక పొడవాటి బల్ల, ఒక కిటికీ, గోడకు ఆనించిన అట్టలు. ముందు గదిలో పుట్టినదేదైనా ఆ బల్ల మీదుగానే లోకంలోకి వెళ్ళాలి.

ఆమెది ఆలేరు పక్క పల్లె. పెళ్ళయ్యాక వచ్చి మొదట ఇక్కడే సీసాలు కడిగింది. తర్వాత కట్టే పని ఇచ్చారు. మొదటి ఏడాది ఒక డబ్బా తిరిగి వచ్చింది. ఎత్తగానే లోపల పప్పులో రాళ్ళు కదిలినట్టు శబ్దం. దాన్ని ఆమె చేతనే విప్పించారు. అప్పటి నుంచి ఆమె చెవి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మేడిపల్లిలోని రెండు గదుల ఇంట్లో ఒక్క గాజు గ్లాసు లేదు. స్టీలు చెంబును కూడా మెల్లగా కింద పెడుతుంది.

భర్త సంజీవరావు వాచ్‌మన్‌గా చేసేవాడు. నాలుగేళ్ళ కిందట మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు దవాఖానాలో రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన పడుకుంటాడు. లూర్దమ్మ ఉద్యోగానికి వచ్చే ఈఎస్‌ఐ కార్డు మీద ఆ యంత్రం తిరుగుతుంది. ఉద్యోగం ఉన్నంతకాలం కార్డు. కార్డు ఉన్నంతకాలం యంత్రం. ఆ తర్వాతి మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు.

జూన్ చివర్లో యజమాని జనార్ధనరావు వెనక గదిలోకి వచ్చాడు. తెనాలి వైపు మనిషి. మెల్లగా మాట్లాడతాడు. చెడ్డ మాటైతే ఇంకా మెల్లగా.

"లూర్దమ్మా, విదేశీ కంపెనీ ఒకటి మన సరుకు చూస్తానంటోంది. ముందు పూణేలో వాళ్ళ ఆఫీసుకి మూడు కండెన్సర్లు పంపాలి. మూడూ క్షేమంగా చేరితే ఏడాది పొడుగునా పని."

"పంపుదం సార్. ఎంత పెద్దగుంటయి?"

"పెద్ద చిన్నా కాదు. ప్లాస్టిక్ ఉండకూడదట. థర్మోకోల్ వద్దు, బబుల్ షీటు వద్దు, టేపు కూడా ప్లాస్టిక్ది వద్దు. విప్పాక అంతా పాత కాగితాల బుట్టలో వేసేలా ఉండాలి."

లూర్దమ్మ గోడ వైపు చూసింది. తెల్లని థర్మోకోల్ పలకలు నిలబడి ఉన్నాయి. ఆమెకు తెలిసిన పనంతా అక్కడుంది.

"ఒక్కటి పగిలినా వాళ్ళు మళ్ళీ అడగరు," అన్నాడు జనార్ధనరావు. "అన్నోజిగూడ అవతల ఒక కంపెనీ ఉందిగా, మెషీన్లతో కడతారు. పగిలితే ఇక కట్టే పనంతా వాళ్ళకే ఇచ్చేస్తాను. ఈ గదితో పని ఉండదు. ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోవద్దు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె చేతిలో కత్తెర ఉంది. దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

కండెన్సర్ అంటే ఆవిరిని చల్లార్చే గాజు సామాను, గొట్టంలో గొట్టం. లోపలి గొట్టం సుడి తిరిగి ఉంటుంది. రెంటికీ మధ్య వేలెడు ఖాళీ. బయట దెబ్బ కనబడకపోయినా లోపలి సుడి విరగవచ్చు. ఆ సుడి తిప్పగలిగేది షెడ్డులో ఒక్క కనకరాజే. ఆయనది రాజమండ్రి దగ్గర. మాటకు ముందు నవ్వు వస్తుంది. వంకర పోయిన రెండు కండెన్సర్లను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇవి పనికిరానివమ్మా. నీ ఇష్టమొచ్చినట్టు పడెయ్, తన్ను. ఇన్నాళ్ళకి నేను చేసింది ఎవరైనా పగలగొడుతుంటే చూస్తాను."

"నోరు మంచిగ పెట్టన్నా. పొద్దుపొద్దున్నే పగలుడు మాట."

మొదట ఊరి నుంచి వరిగడ్డి తెద్దామనుకుంది. వాళ్ళ పల్లెలో మామిడికాయలు గడ్డిలోనే పెట్టి పంపేవారు. జనార్ధనరావు వద్దన్నాడు. రేపు ఓడ ఎక్కితే అవతలి రేవులో గడ్డిని దిగనివ్వరట, పురుగులు వస్తాయని. కొబ్బరిపీచు మెత్తగా ఉంది, కానీ దాని పొడి సుడిలోకి దూరి కూర్చుంది. ఎంత కడిగినా పోలేదు. తర్వాత ఎవరో మొక్కజొన్న పిండితో చేసిన తెల్లని గుల్లల సంచి పంపారు. చేతిలో వేసుకుంటే బరువే లేదు. కనకరాజు ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది. పూణే వాళ్ళు అలవాటు పడతారులే."

లూర్దమ్మ తడి చేత్తో ఒకటి పట్టుకుంది. అది వేలికి జావలా అంటుకుంది. పొద్దున వచ్చేసరికి సంచి చుట్టూ చీమలు బారు కట్టి ఉన్నాయి. సంచిని అలాగే తీసుకెళ్ళి బయట పెట్టింది.

మిగిలింది కాగితం. లాగితే తేనెపట్టులా విచ్చుకునే గోధుమరంగు కాగితం. దాని చుట్టూ పాత డబ్బాలను నిలువుగా కోసిన అట్ట ముక్కలు. పైన నీళ్ళు రాస్తే అంటుకునే కాగితపు టేపు. వంకర కండెన్సర్‌ను అలా చుట్టి, డబ్బాలో పెట్టి, బల్ల మీంచి సిమెంటు నేల మీదికి వదిలింది. వదిలే ముందు కళ్ళు మూసుకుంది. అయిదుసార్లు వదిలింది. ఒక మూల మీద, ఒక అంచు మీద, మూడుసార్లు అడుగు మీద. విప్పి చూస్తే సుడి అలాగే ఉంది.

శుక్రవారం దాన్నే మళ్ళీ కట్టి, చెవికి పెట్టుకుంది. మూగది. ఆ డబ్బాను కిటికీ పక్కనున్న అరలో పెట్టి, అదే రోజు అసలు మూడింటినీ అలాగే కట్టింది. మూడూ మూగవే. శనివారం ట్రాన్స్‌పోర్టు ఆటో వచ్చి తీసుకుపోయింది. వాన మొదలైంది. ఆదివారం చర్చిలో పాట పాడుతున్నంతసేపూ రేకుల మీద వాన పాటకంటే గట్టిగా కురిసింది.

సోమవారం పొద్దున అట్టలు తీసుకోవడానికి కిటికీ పక్కనున్న డబ్బాను జరిపింది.

లోపల ఏదో కదిలింది.

చాలా చిన్న చప్పుడు. ఊగే పన్ను నాలుకకు తగిలినంత. లూర్దమ్మ డబ్బాను చెవికి పెట్టుకుని మళ్ళీ కదిపింది. మాట్లాడుతోంది. శుక్రవారం కట్టిన చేతులివే, కాగితమదే. ఎవరూ విప్పలేదు. డబ్బా మూలలు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. టేపు కోసి చూసింది. నిటారుగా నిలబడ్డ తేనెపట్టు గళ్ళు వడిలి, ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. గాజు చుట్టూ వేలు దూరేంత సందు.

థర్మోకోల్ వానను పట్టించుకునేది కాదు. ఇరవై రెండేళ్ళూ ఆమె ఒక్కసారే వినేది, కట్టిన వెంటనే. ఆ తర్వాత వినే అవసరం ఎప్పుడూ రాలేదు. కాగితం గాలిలోని నీళ్ళు తాగుతుందని, తాగి మెత్తబడుతుందని, మూగది మూడు రోజుల్లో మాట్లాడుతుందని ఆమెకు తెలియదు.

మూడు డబ్బాలు ఎక్కడో తడిగాలిలో ఉన్నాయి.

ముందు గదిలో కనకరాజు మంట తగ్గించి, పరుగున వచ్చిన ఆమె ముఖం చూశాడు.

"ఏంటమ్మా, పామును చూసినట్టున్నావు?"

"అన్నా, డబ్బా మాట్లాడ్తుంది. గా మూడు గూడ గిట్లనే అయితయి. ఏం జెయ్యాలె?"

ఆయన కాసేపు నవ్వలేదు. "సార్‌కి తెలుసా?"

"తెల్వదు."

"అయితే నీకూ తెలీదు. పగిలితే లారీవాడు పడేశాడందాం. అందరూ అనేదే. అసలు పగలకపోవచ్చు కూడా. చెప్పావనుకో, నీ చేత కాదని నువ్వే రాసిచ్చినట్టు."

ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు. అదే ఆమెను మరింత భయపెట్టింది. బల్ల దగ్గరికి వెళ్ళి అట్ట కోయబోయింది. కోసిన గీత వంకర పోయింది. చెప్పకపోతే పూణే నుంచి ఫోను వచ్చేదాకా అయిదు రోజులు. చెబితే ఈ సాయంత్రమే పని పోవచ్చు. సంజీవరావు మంగళవారం యంత్రం దగ్గరికి వెళ్ళాలి. శుక్రవారం మళ్ళీ.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా ఆటోలో వెళ్ళింది. ట్రాన్స్‌పోర్టు గోదాము మెట్రో స్తంభాల వెనక సందులో. ముందు బురద, లోపల బస్తాలు, టైర్లు, ఫ్యాన్లు. బిల్లులు రాసే దుర్గేష్ కుర్చీలో వెనక్కి వాలి చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, నాచారం గాజు షెడ్డు డబ్బాలు మూడున్నయి. పూణేకు. పోయినయా?"

"ఆదివారం లోడింగ్ లేదు. ఇయ్యాల సాయంత్రం ఆరుగొట్టంగ పోతయి. ఎందుకు?"

"జర ఎన్కకు ఇస్తవా?"

"నేనెట్లిస్తనక్కా? మీ సార్ లెటర్ కావాలె. ఊకె ఇస్తే నా నౌకరీ పోతది."

"పోనీ ఒక్కసారి ఇననియ్యి."

దుర్గేష్ గ్లాసు కింద పెట్టాడు. "ఇంటవా? డబ్బాతోని ముచ్చట పెడ్తవా? నాకు ఇంట్ల పెండ్లాంతోనే ముచ్చట పెట్ట టైం దొర్కుతలేదు." అయినా లేచి, బస్తాల వెనక నుంచి మూడు డబ్బాలను తెచ్చి ముందు పెట్టాడు. "ఇను. నాక్కూడ చెప్పు ఏమంటున్నయో."

మొదటిది ఎత్తింది. చప్పుడు లేదు. రెండోది. లేదు. మూడోదాన్ని ఎత్తగానే తెలిసింది, కదపక ముందే. లోపల బరువు ఒక పక్కకు జారింది.

"ఏమన్నదక్కా?"

ఆమె దాన్ని మెల్లగా కింద పెట్టింది. మొదటి రెండూ రేపు మాట్లాడతాయి. లేదా ఎల్లుండి, దారిలో, వినేవాళ్ళు లేని చోట. గోదాము గడియారంలో రెండుంబావు. ఫోను తీసింది. జనార్ధనరావు పేరు మీద వేలు పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టింది.

"సార్, నేను లూర్దమ్మ. ఉప్పల్ గోదాముల ఉన్న. నేను కట్టిన డబ్బాలు మంచిగ లేవు సార్."

అవతల ఏదో వాహనం హారన్.

"ఎవరు చెప్పారు?"

"ఎవ్వలు చెప్పలే. నేనే ఇన్న. కాయితం మెత్తబడ్డది. నాకు ఎరుక లేకుండె. ఒకటి మాట్లాడ్తుంది సార్."

"నిన్నెవరు వెళ్ళమన్నారు అక్కడికి?"

ఫోను కట్ అయింది. ఆమె డబ్బాల పక్కనే నిలబడింది. దుర్గేష్ ఒక స్టూలు జరిపాడు. ఆమె దాని మీద మూడో డబ్బాను పెట్టింది.

గంట తర్వాత కారు వచ్చింది. జనార్ధనరావు కాగితం మీద సంతకం పెట్టి, డబ్బాలు వెనక సీటులో పెట్టించాడు. లూర్దమ్మ వాటి పక్కన కూర్చుని, మూడోదాన్ని ఒడిలో పెట్టుకుంది. నాచారం వచ్చేదాకా ప్రతి గుంటలోనూ ఒడిలోని డబ్బా మాట్లాడింది.

షెడ్డులో మూడూ విప్పారు. మూడు సుడులూ క్షేమం. మూడింటిలోనూ కాగితం వడిలింది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు జనార్ధనరావు.

"తెల్వదు సార్."

"వాళ్ళకి శుక్రవారం పంపుతానని చెబుతాను. అంతకంటే ఆగరు." గుమ్మంలో ఆగాడు. "అన్నోజిగూడ వాళ్ళని గురువారం రమ్మంటున్నాను. చూసి వెళతారు."

ఆ సాయంత్రం ఇంట్లో సంజీవరావు ఆమె అన్నం కలిపి తినకపోవడం చూశాడు. అత్తారింటికి వెళ్ళిన కూతురు మరియ పేరుతోనే వాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటారు.

"ఏమైంది మరియ తల్లీ?"

"ఏం లేదు మరియ నాయినా. వానకు కడుపుల మంచిగ లేదు."

"రేపు నాతోని రాకు. నేనొక్కన్ని పోయొస్త. నువ్వు పని సూస్కో."

అతను అలా అనడం మొదటిసారి. అతనికి ఏదో తెలిసిందేమోనని ఆమెకు కొత్త భయం పట్టుకుంది.

మంగళవారం కనకరాజు భట్టీ తలుపు తీస్తున్నాడు. ఊదిన గాజును రాత్రంతా అందులో మెల్లగా చల్లారనిస్తారు. వేడిలోంచి ఒక్కసారి బయటికి తెస్తే దానంతట అదే చిట్లిపోతుంది. భట్టీ పక్క గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. ఆ గోడకు ఆనించి కనకరాజు చాలాకాలం కిందట పెట్టుకున్న పాత అట్ట ఒకటి ఉంది, కూర్చోవడానికి. లూర్దమ్మ దాన్ని ఎత్తింది. వేలితో కొడితే టక్కుమంది. తన గదిలోని అట్టను కొడితే తడిబట్టను కొట్టినట్టుంది.

"అన్నా, ఈ గోడ నాకు గావాలె."

"గోడేంటమ్మా, భట్టీయే తీసుకో. నా గాజు మాత్రం ఉంచు."

కాగితాన్నంతా, అట్టలనన్నిటినీ ఆ గోడ పక్కన పరిచింది. మరునాడు పొద్దున అవి గలగలలాడాయి. చల్లారనివ్వకుండా, వెచ్చగా ఉండగానే కట్టింది. గాజు చుట్టూ ఎంత పడుతుందనిపించిందో దానికి రెండు చుట్లు ఎక్కువ చుట్టింది, రేపు వడిలినా బిగువు ఉండాలని. గాజు మీద అంత బిగించడం ఆమె ఎప్పుడూ చేయలేదు. ప్రతి చుట్టుకూ ఆగి వింది. ఎక్కువైతే నొక్కుడుకే విరుగుతుంది. తక్కువైతే దారిలో విరుగుతుంది. ఆ రెంటి మధ్య ఎంత చోటుందో ఎవరూ రాసిపెట్టలేదు.

వంకర కండెన్సర్‌తో కట్టిన డబ్బాను మాత్రం సీసాలు కడిగే గదిలో పెట్టింది. అక్కడ నేల ఎప్పుడూ తడే. గోడలు చెమర్చి ఉంటాయి. ప్రతి గంటకూ వెళ్ళి వింది. కడిగేవాళ్ళు నవ్వారు.

"అక్కా, పిల్లనేమన్న పండవెట్టినవా అండ్ల?"

"పండుకున్నది. మీరు లేపకుండ్రి."

బుధవారం మూగగానే ఉంది. గురువారం పొద్దునా మూగే. గురువారం మధ్యాహ్నం అన్నోజిగూడ మనిషి వచ్చాడు. చెప్పులు విప్పకుండా వెనక గదిలో తిరిగాడు. కొలత టేపు తీసి బల్ల కొలిచాడు, కిటికీ నుంచి గోడ దాకా కొలిచాడు. ఎందుకు కొలుస్తున్నాడో ఆమె అడగలేదు. అతను వెళ్ళాక కడిగే గదికి వెళ్ళింది. డబ్బా మూలను నొక్కింది. కొంచెం మెత్తబడింది. చెవికి పెట్టుకుంది. గుండె చప్పుడు అడ్డొచ్చి ఏమీ వినబడలేదు. గోడకు ఆనుకుని, అది తగ్గేదాకా నిలబడి, మళ్ళీ వింది.

చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడాన్ని ఆమె ఇప్పుడు నమ్మలేకపోయింది. కనకరాజును పిలిచింది. ఆయన విన్నాడు. "ఏమీ లేదమ్మా," అన్నాడు. ఆయన చెవి మంటల హోరుకు సగం పోయిందని ఆమెకు తెలుసు.

శుక్రవారం మూడు డబ్బాలూ వెళ్ళిపోయాయి. ఆ మధ్యాహ్నం ఆమె సంజీవరావుతో దవాఖానాకు వెళ్ళింది. యంత్రం తిరుగుతున్నంతసేపూ దాని శబ్దం వింటూ కూర్చుంది. సన్నగా, ఒకే తీరుగా. ఎక్కడైనా మారుతుందేమోనని.

శనివారం, ఆదివారం, సోమవారం. వాన తగ్గలేదు. మంగళవారం ఫోను రాలేదు. బుధవారం పొద్దున పదకొండింటికి జనార్ధనరావు వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోను ఉంది. ఆయన ఎంత మెల్లగా మాట్లాడతాడోనని ఆమె ముందు అదే వింది.

"పగల్లేదు," అన్నాడు. మామూలు గొంతుతో. "మూడూ బాగున్నాయట. ఫోటోలు పంపారు."

లూర్దమ్మ చేతిలోని అట్టను బల్ల మీద పెట్టింది.

"అన్నోజిగూడ వాళ్ళకి వద్దని చెప్పేశాను. కాగితాన్ని ఎండబెట్టి కట్టాలని వాళ్ళకీ తెలీదు. అడిగాను." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఆ రోజు నువ్వు ఫోను చేయకపోతే నాకూ తెలిసేది కాదు."

ముందు గదిలోంచి కనకరాజు గట్టిగా అడిగాడు. "మరి పార్టీ ఏదండీ సార్?"

"ఇంకా అసలు సరుకు వెళ్ళలేదుగా. వచ్చే నెలలో నలభై పీసులు. ఓడలో."

లూర్దమ్మ తలెత్తింది. "ఓడల ఎన్ని దినాలు సార్?"

"నలభై పట్టొచ్చు. ఎక్కువే కావచ్చు."

"లోపట గాలి తడిగుంటదా?"

"సముద్రం కదమ్మా."

ఆమె సముద్రాన్ని చూడలేదు. కడిగే గది గోడల మీది చెమ్మను తలుచుకుంది. అది గోడలు లేకుండా, నలభై రోజుల పాటు, అన్ని వైపులా ఉన్నట్టు. నలభై డబ్బాలు ఒకదాని మీద ఒకటి, చీకట్లో మెల్లగా మెత్తబడుతూ. వినడానికి అక్కడ ఎవరూ ఉండరు.

"సార్," అంది. "ఇయ్యాలనే ఒక డబ్బా కట్టి కడుగుడు గదిల పెడ్త. నలభై దినాలు ఉండనియ్యుండ్రి. అది మాట్లాడకుంటెనే పంపుదం."

"వచ్చే నెలే పంపాలన్నాను కదా."

"మాట్లాడితే ఏం జేద్దం సార్?"

జనార్ధనరావు గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, ఒక కాగితం ఎత్తి, కింది నెలలో తేదీలు వేలితో లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"నలభై కుదరదు," అన్నాడు. "ముప్ఫై రోజులు ఇవ్వమని వాళ్ళని అడిగి చూస్తాను."

లూర్దమ్మ అప్పటికే భట్టీ గోడ దగ్గర ఉంది. కాగితాన్ని తీసుకుంటుంటే అది గలగలమంది. దాన్ని చెవికి ఆనించి విని, బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది.